పదకొండో నిమిషంలో శాలువా

ఒక పట్టు శాలువాతో నలభైమంది గుండెలు ఒకేసారి ఆపేసిన మనిషిని మీరు ఇంతవరకు చూసి ఉండరు. ఇదిగో, నేనే. అదృష్టం బాగుండి ఆ గుండెలన్నీ మళ్ళీ కొట్టుకున్నాయి గాని, ఒక పెద్దమనిషి ఏళ్ళ తరబడి కూడగట్టుకున్న ధైర్యాన్నీ, ఒక స్నేహితుడు నా మీద పెట్టుకున్న నమ్మకాన్నీ ఒకే మైకు ముందు తగలబెట్టిన ఘనత నాదే. ఇది ఎనిమిదేళ్ళ కిందటి సంగతి. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. కాబట్టి తప్పంతా ఆ కుర్రాడి మీదికి తోసేసి నేను హాయిగా చెబుతాను, మీరు హాయిగా నవ్వండి.

మాది కాకినాడ. చదువుకోసం అడిలైడ్ వచ్చి, చదువయ్యాక ఆ ఊళ్ళోనే మాసన్ లేక్స్ అనే పేటలో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగంలో కుదురుకున్నాను. వారమంతా ఇతరుల తప్పులు పట్టేవాణ్ణి. శని ఆదివారాలు మా తెలుగు సంఘంలో వ్యాఖ్యాతగా నా సొంత తప్పులు చేసేవాణ్ణి. వ్యాఖ్యాత ఉద్యోగ ధర్మం ఒక్కటే: స్టేజీ మీద నిశ్శబ్దం ఉండకూడదు. చిన్నపిల్ల డాన్సు మధ్యలో పాట ఆగిపోయినా, ముఖ్య అతిథి మెట్ల దగ్గర చెప్పు వెతుక్కుంటున్నా, మూడు క్షణాల్లో మైకు అందుకుని ఏదో ఒకటి వాగాలి. నాలుగో క్షణానికి జనం లేచి బిర్యానీ వైపు వెళ్ళిపోతారు. రెండేళ్ళు ఆ పని చేసేసరికి నిశ్శబ్దం కనిపిస్తే చాలు, నా కాళ్ళు వాటంతటవే స్టేజీ వైపు నడిచేవి.

ఆఫీసులో నా పక్క సీటు లియమ్‌ది. పొడుగ్గా, మెత్తగా ఉండే మనిషి. ఏడాది పొడుగునా నల్ల టీషర్టే. ఆ టీషర్టు మీద ఎండిపోయిన వేళ్ళు అల్లుకున్నట్టు ఒక బొమ్మ. ఆరు నెలలు ఓపిక పట్టి, ఒకరోజు అడిగేశాను. ఇక్కడినుంచి లియమ్ తెలుగు మాట్లాడుతున్నాడని కంగారుపడకండి. అతని ఇంగ్లీషుని నేనే తెలుగు చేస్తున్నాను, బూతులు వడపోసి.

"ఆ చెట్టువేళ్ళ బొమ్మేంటి?"

"బొమ్మ కాదు. బ్యాండు పేరు."

"పేరా? ఏ వైపునుంచి చదవాలి?"

"చదవక్కర్లేదు మేట్. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది."

తెలిసినవాళ్ళకి తెలుస్తుంది అని ఎవరైనా అంటే నాకు అన్నం సహించదు. ఆ సాయంత్రమే అతని దగ్గర ఒక ఆల్బమ్ పేరు రాయించుకుని ఇంటికి వెళ్ళి పెట్టాను. మర్నాడు పొద్దున్నే అలవాటు ప్రకారం నా నివేదిక సమర్పించాను.

"లియమ్, నువ్విచ్చిన ఫైలు పాడైంది. పాట మొదలే కాలేదు. గంటసేపు వాన శబ్దం వచ్చింది. వెనకాల ఎవరికో ఒంట్లో బాగాలేదు."

"అదే పాట."

"పల్లవి ఎక్కడుంది?"

"లేదు."

"చరణం?"

"లేదు."

"పోనీ, ఆ అరిచే ఆయన ఏమంటున్నాడు?"

"తెలీదు."

"పదేళ్ళుగా వింటున్నానన్నావు కదయ్యా!"

"అవును," అన్నాడు లియమ్ చాలా ప్రశాంతంగా. "దీన్ని అట్మాస్ఫెరిక్ బ్లాక్ మెటల్ అంటారు. మామూలు బ్లాక్ మెటల్ నీ మీదికొస్తుంది. ఇది నీ మీదికి రాదు. నువ్వే లోపలికి వెళ్ళాలి. తలుపు వెతకడం మానేసి అలా కూర్చో."

మనం తెలుగువాళ్ళం. పాట వినబడగానే ముందు మాట వెతుకుతాం. ఏం రాశాడు, ఎంత బాగా రాశాడు అన్నాకే రాగం సంగతి. మాటే దొరకని పాటలో ఒక మనిషి పదేళ్ళు ఏం చేస్తున్నాడో తెలుసుకోవాలని నాకు పిచ్చి పట్టుకుంది. రోజూ పెట్టేవాణ్ణి. రోజూ ఓడిపోయేవాణ్ణి. మా ఆవిడ మాధవి వంటింట్లోంచి కేకేసేది.

"ఏవండీ, మిక్సీ ఆపేసేనండీ నేను. ఇంకా తిరుగుతుందేంటది?"

"మిక్సీ కాదు, గిటారు."

"గిటారుకేవొచ్చిందండీ పాపం?"

మూడో వారంలో తలుపు తెరుచుకుంది. ఒక ఆదివారం ఉదయం చెరువు ఒడ్డున నడుస్తుంటే వాన పట్టుకుంది. ఒక రేకుల షెడ్డు కింద నిలబడి చెవుల్లో ఆ ఆల్బమే పెట్టుకున్నాను. అవే నాలుగు స్వరాలు. మళ్ళీ అవే. ఆరేడు నిమిషాలకి నా చెవి ఇక కొత్తది ఏమొస్తుందా అని ఎదురుచూడటం మానేసింది. మానేసిన మరుక్షణం ఆ నాలుగు స్వరాల వెనక ఇంకో సన్నని రాగం ఉన్నట్టు తెలిసింది. అది మొదటినుంచీ అక్కడే ఉంది, నేనే వినలేదు. డ్రమ్ములు ఎంత వేగంగా కొడుతున్నాడంటే, జోరుగా తిరిగే సీలింగ్ ఫ్యాను రెక్కలు ఆగినట్టు కనబడతాయి చూడండి, అలా వేగమంతా కలిసి నిదానమైపోయింది. ఆ అరుపు ఎవరినో తిట్టడం కాదు. చాలా దూరంలో ఉన్న మనిషి గాలికి ఎదురుగా నిలబడి ఉన్నాడు, అంతే. రికార్డింగు కూడా కావాలనే మసగ్గా చేశారు. దగ్గరగా, శుభ్రంగా వినిపిస్తే ఆ దూరం ఉండదు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారణం ఇప్పటికీ చెప్పలేను. ఇల్లు గుర్తొచ్చిందా అంటే అదీ కాదు. ఎక్కడా లేని చోటు ఒకటి గుర్తొచ్చింది.

ఆ తర్వాత నన్ను పట్టలేకపోయారు. లియమ్‌ని భోజనం చేయనిచ్చేవాణ్ణి కాదు. "ఒకే పాట ఇరవై నిమిషాలు ఎందుకు? అడవులే ఎందుకు? సముద్రం పనికిరాదా? ఒక్కడే అన్ని వాద్యాలూ వాయించుకుని రికార్డు చేసుకోవడమేంటి, స్నేహితుల్లేరా?" ఈ చివరి ప్రశ్నకి లియమ్ చెంచా కింద పెట్టాడు.

"అలాంటివాడు ఒకడు నాకు తెలుసు," అన్నాడు.

ఆ ఒకడే గ్రెగ్. అడిలైడ్ కొండల్లో మునిసిపాలిటీవారి చెట్లు చూసుకునే ఉద్యోగం. పెరటి షెడ్డులో ఒంటరిగా మూడు ఆల్బములు చేశాడు. వాటి మీద అతని పేరు లేదు, ఫొటో లేదు. మనుషుల ముందు ఎప్పుడూ వాయించలేదు. వాయించాలంటే చేతులు వణుకుతాయట. ఏళ్ళ తరబడి లియమ్ బతిమాలగా, ఒక్కసారికి ఒప్పుకున్నాడు. కొండల్లో ఒక పాత రాతి హాలు, ఒక ఆదివారం మధ్యాహ్నం, నలభైమందికి మాత్రమే పిలుపు. ఒకే పాట, పందొమ్మిది నిమిషాలు. డ్రమ్ములకీ బేసు గిటారుకీ ఇద్దరు మిత్రులు. అక్కడే రికార్డు చేసి నాలుగో ఆల్బముగా వేస్తారు.

"మళ్ళీ వాయించడు," అన్నాడు లియమ్. "ఒకేసారి. అది పోతే పోయినట్టే. నీ గురించి నేను మాటిచ్చాను. ఫోన్లు బంద్. ఫొటోలు లేవు. పాట అయిపోయేదాకా చప్పుడు చేయకూడదు."

"అయిపోయిందని ఎలా తెలుస్తుంది?"

"తెలుస్తుంది," అన్నాడు.

చూశారా? ఆ రోజు ఆ ఒక్క ముక్కా వివరంగా చెప్పి ఉంటే ఈ కథే లేదు. తప్పు నాది కాదనడం లేదు. తొంభై శాతం నాదే.

ఆదివారం ఉదయం తయారవుతుంటే నాకొక ఆలోచన వచ్చింది. అంత గొప్ప కళాకారుడు, జీవితంలో మొదటిసారి సభలో వాయిస్తున్నాడు, ఉత్తి చేతులతో వెళ్ళడమా? మా బీరువాలో ఉగాది కార్యక్రమంలో మిగిలిన శాలువాలు మూడున్నాయి. మెరూన్ రంగు, బెత్తెడు జరీ అంచు.

"అక్కడ వాళ్ళకివన్నీ అలవాటుంటాయంటారా?" అంది మాధవి అనుమానంగా.

"గౌరవం అర్థంకాని మనిషి ఉంటాడా?"

"అర్థవవుద్దో లేదో గానీ, ముందు లియమ్‌ని ఓ మాటడగండి."

"అడిగితే సర్‌ప్రైజ్ ఏముంది?"

శాలువా సంచిలో పెట్టుకుని, సన్మాన సభ కదా అని మీగడరంగు పట్టు లాల్చీ వేసుకుని బయల్దేరాను. హాలు చేరేసరికి కొండంతా పొగమంచు. లోపల దీపాల్లేవు. కిటికీల్లోంచి వచ్చే బూడిదరంగు వెలుతురే. ముప్పై తొమ్మిది నల్ల టీషర్టుల మధ్య నేను ఇడ్లీలా తెల్లగా కూర్చున్నాను. లియమ్ నా లాల్చీ చూసి, తన కుర్చీ ఒక జానెడు పక్కకి జరుపుకున్నాడు.

గ్రెగ్ వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. నెరిసిన గడ్డం. ఎవరివంకా చూడలేదు. చేతులు నిజంగానే వణుకుతున్నాయి. మొదటి స్వరం పడగానే ఆ వణుకు గిటారులోకి వెళ్ళిపోయింది. పది నిమిషాలు నేను ఎక్కడున్నానో నాకు తెలియదు. గోడలు వెనక్కి జరిగాయి. చెవుల్లో విన్నదానికీ రాతి గోడల మధ్య విన్నదానికీ పోలికే లేదు. నేల మీంచి అరికాళ్ళలోకి ఎక్కుతోంది.

పదకొండో నిమిషంలో డ్రమ్ములు ఆగాయి. బేసు ఆగింది. గిటారు ఒక్క తీగ మీద సన్నగా మూలిగి, అదీ ఆగింది.

నిశ్శబ్దం.

ఒక క్షణం. రెండు. మూడు. ఒక్కడూ చప్పట్లు కొట్టలేదు. చుట్టూ చూశాను. అందరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. "నిద్రపోయార్రా బాబూ," అనుకున్నాను. గ్రెగ్ తల వంచుకుని నిలబడి ఉన్నాడు. పాపం, జన్మకొక్కసారి వాయిస్తే ఈ మర్యాదా? నాలుగో క్షణం వచ్చేసింది. నా కాళ్ళు లేచాయి.

గట్టిగా చప్పట్లు కొట్టుకుంటూ, చెక్క స్టేజీ కిర్రుకిర్రుమంటుంటే, గ్రెగ్ దగ్గరికి వెళ్ళి శాలువా విప్పి భుజాల చుట్టూ కప్పాను. అతను కళ్ళు తెరిచాడు. ఆ కళ్ళలో ఉన్నది ఆనందాశ్చర్యం అనుకున్నాను. ఆశ్చర్యం వరకు కరెక్టే. ఎదురుగా మైకు ఉంది. మైకు కనబడితే నా నోటికి నా అనుమతి అక్కర్లేదు. ఎదుటివాళ్ళు ఎవరో, ఏ భాషవాళ్ళో కూడా చూసుకోలేదు.

"సభకు నమస్కారం! తన అమృత గానంతో మనందర్నీ పరవశింపజేసిన శ్రీ గ్రెగ్ గారిని ఈ శుభ సందర్భంలో సత్కరించుకోవడం మన అదృష్టం. కొండల్లో చెట్ల మధ్య ఉంటూ, ఇంత పెద్ద మనసుతో మనకోసం దిగివచ్చిన వారికి సంఘం తరఫున ధన్యవాదాలు. కార్యక్రమం అనంతరం భోజనాలు ఏర్పాటు చేశాం. దయచేసి అందరూ భోజనం చేసి..."

లియమ్ ముఖం అప్పుడు కనబడింది. రెండు చేతులతో జుట్టు పట్టుకుని ఉన్నాడు. పక్కన రికార్డింగు యంత్రం మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. పాట ఇంకా అవలేదని నాకు తెలిసిపోయింది. కానీ వాక్యం మొదలుపెట్టాక క్రియ చెప్పకుండా ఆగడం నా చేత కాలేదు.

"...వెళ్ళవలసిందిగా మనవి," అన్నాను, ఏడుపు గొంతుతో.

అంతే. కళ్ళు మూసుకుని ఇంతసేపూ లోపల లెక్కపెట్టుకుంటున్న డ్రమ్ముల ఆయన లెక్క పూర్తయినట్టుంది, ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు మొదలుపెట్టాడు. నేను గాల్లోకి లేచాను. గ్రెగ్ చేతులు గిటారు మీదికి వెళ్ళిపోయాయి. శాలువా తీసే దారి అతనికి లేదు, దిగిపోయే దారి నాకు లేదు. ఒక్క అడుగు వేస్తే చెక్క కిర్రుమంటుంది. మిగిలిన ఎనిమిది నిమిషాలూ గ్రెగ్ జరీ శాలువాతో అరిచాడు. నేను పక్కన చేతులు జోడించుకుని ద్వారపాలకుడిలా నిలబడ్డాను.

సిగ్గు విడిచి ఒక మాట చెప్పాలి. ఆ ఎనిమిది నిమిషాల్లాంటివి నా జీవితంలో మళ్ళీ రాలేదు. మూరెడు దూరంలో ఆ అరుపు వింటే, దాని లోపల కోపం చుక్క కూడా లేదని తెలిసింది. భయం ఉంది. ఆ భయాన్ని దాచుకోకుండా పదిమంది ముందు పెట్టే ధైర్యం ఉంది. ఆ ధైర్యం మీదే నేను శాలువా కప్పి పాడుచేశాను.

పాట అయిపోయింది. అయిపోయిందని ఈసారి నిజంగానే తెలిసింది. గ్రెగ్ గిటారు కింద పెట్టి, శాలువాతోనే వెనక తలుపులోంచి పొగమంచులోకి వెళ్ళిపోయాడు. లియమ్ నాతో ఒక్క మాట అన్నాడు.

"ఇంటికి వెళ్ళు."

తర్వాత వారం రోజులు పక్క సీట్లో ఉండి కూడా నాతో ఈమెయిల్లోనే మాట్లాడాడు. ఇంట్లో మాధవి మొదట పడీపడీ నవ్వింది. నేను అన్నం ముందు కూర్చుని లేవకపోవడం చూసి ఆపేసింది.

"ఏడిస్తే ఆయన పాట తిరిగొచ్చేస్తుందేంటండీ? వెళ్ళి సారీ చెప్పండి. మైకు లేకుండా."

శనివారం పొద్దున గ్రెగ్ ఇంటికి వెళ్ళాను. పెరట్లో కొమ్మలు నరుకుతున్నాడు. చేతిలో గొడ్డలి ఉన్న మనిషికి క్షమాపణ చెప్పడం కొంచెం కష్టం. అయినా చెప్పాను. అతను అంతా విని, గొడ్డలి దించాడు.

"ఏం చెప్పావక్కడ?" అన్నాడు.

"ఏమీ లేదు, అలవాటుగా..."

"మాటకి మాట చెప్పు."

చెప్పాను. అమృత గానం దగ్గర అతని గడ్డం కొంచెం కదిలింది. చివరి వాక్యానికి వచ్చాను.

"అందరూ భోజనం చేసి వెళ్ళండి అన్నాను."

"భోజనమా?"

"మా సభల్లో చివర అలాగే అంటాం."

"ఎక్కడుంది?"

"ఏది?"

"భోజనం. నలభైమందిని పిలిచావు కదా."

అతను షెడ్డులోకి రమ్మన్నాడు. గోడకి మేకు కొట్టి మా మెరూన్ శాలువా తగిలించి ఉంది. రికార్డింగు పెట్టాడు. పదకొండో నిమిషం వచ్చేసరికి నేను చెవులు మూసుకోబోయాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు. నిశ్శబ్దం. ఎక్కడో చప్పట్లు. చెక్క మీద అడుగులు. తర్వాత నా గొంతు, రాతి గోడలకి తగిలి, చాలా దూరంనుంచి వస్తున్నట్టు. చివర్లో వణికింది.

"ఈ పాట మంచులో దారి తప్పినవాడిది," అన్నాడు గ్రెగ్. "మధ్యలో వాడు ఆగి వింటాడు, ఎవరైనా పిలుస్తారేమోనని. అందుకే ఆ నిశ్శబ్దం. షెడ్డులో వందసార్లు వాయించాను. ఒక్కసారీ ఎవరూ పిలవలేదు." గోడ మీది శాలువా వంక చూసి అన్నాడు. "ఈసారి పిలిచారు. అదీ భోజనానికి."

నేను ఏడ్చేశాను. అతను నా వంక చూడకుండా యంత్రం మీటలు సర్దాడు.

"ఇదే వేస్తున్నాను. నా పేరు దగ్గర మాత్రం గాలి శబ్దం కలుపుతాను. ఇంకో షరతు ఉంది. పిలిచినవాళ్ళకి పెట్టాలి."

ఆ మాట ఇంటికి మోసుకెళ్ళి మాధవికి చెప్పాను. "నలభైమందికా?" అని ఒకసారి, "నలభైమందికీనా!" అని ఒకసారి అంది. ఆల్బమ్ వచ్చిన వారం, మా పెరట్లో నలభై నల్ల టీషర్టులు వరసగా కూర్చుని పులిహోర, గుత్తివంకాయ, దప్పళం తిన్నాయి. లియమ్ వడ్డించాడు. ఆవకాయ వద్దన్నా వినకుండా వేసుకుని, డ్రమ్ముల ఆయన పెరుగు గిన్నెలో దాదాపు తల పెట్టేశాడు. గ్రెగ్ మూడుసార్లు మారు వడ్డించుకున్నాడు. బాకీ తీరింది కదా అని నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఆ ఊపిరి ఏడాది నిలిచింది. గ్రెగ్ ఒక చిన్న సంగతి నాకు చెప్పడం మరిచిపోయాడు. ఆల్బమ్ అట్ట లోపల నా మాటలన్నీ ఇంగ్లీషులోకి మార్చి అచ్చు వేశాడు. ఆ ఆల్బమ్ ఎక్కడెక్కడి చలిదేశాలకో వెళ్ళింది. మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం మా ఇంటి గంట మోగింది. తలుపు తీస్తే ఏడడుగుల మనుషులు ఇద్దరు, నల్ల టీషర్టుల్లో, ఎండకి టమాటాల్లా ఎర్రబడి నిలబడి ఉన్నారు. ఫిన్లాండునుంచట. లియమ్ అడ్రసు ఇచ్చాడట.

"ఆ గొంతు మీదేనా?" అన్నాడు ఒకడు ఎంతో భక్తిగా.

"నాదే."

రెండోవాడు సిగ్గుపడుతూ అడిగాడు. "భోజనం ఇంకా ఉందా?"

వెనక్కి తిరిగి చూశాను. మాధవి అప్పుడే గిన్నెలు కడిగి బోర్లించి, చెయ్యి తుడుచుకుంటోంది. ఆవిడ నన్ను చూసిన చూపుని వర్ణించే శక్తి ఏ సంగీతానికీ లేదు.

కావున ఇందుమూలముగా సమస్త ప్రజానీకానికి తెలియజేయడమేమనగా: మాధవి మీదా, పెరుగు గిన్నె మీదా ప్రమాణం చేసి చెబుతున్నాను, ఇకమీదట ప్రపంచంలో ఏ మైకు కనబడినా సరే, ముందు ఇంటికి ఫోన్ చేసి పొయ్యి మీద ఏమైనా ఉందో లేదో కనుక్కోకుండా నోరు తెరవను.